గుర్రపు డెక్క ఇంటిపేరు

చెరువు గట్టున నిలబడి గుర్రపు డెక్కను తిట్టని తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చూడాలనుంది. మూసీ, కొల్లేరు, ఊరి పక్క మురుగు కాల్వ... నీళ్లు కాస్త నిలబడితే చాలు, అక్కడ ఈవిడే. తిట్టొద్దని నేననను. పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే తిట్లకు పదును వస్తుంది కదా అని ఈ కబుర్లు.

నీళ్లలో ఉండి అందంగా పూస్తుంది కాబట్టి తామరకో కలువకో చుట్టం అనుకుంటారు చాలామంది. అదేం లేదు. ఇది ఏకదళబీజం, వరి, అరటి ఉన్న పక్షం. కుండీల్లో ఊదారంగు ఆకుల కోసం పెంచుకునే ట్రాడెస్కాన్షియాకు దూరపు బంధువు. దగ్గరి బంధువు మన వరి మళ్లలోనే ఉంది: నీలిపూల మొనోకోరియా. కలుపు తీసే ఆడవాళ్లకు ఈ పేరు తెలియకపోయినా మొక్క బాగా తెలుసు.

ఇంటిపేరు గొడవ ఇంకా తమాషా. 1823లో మార్షియస్ అనే జర్మన్ శాస్త్రవేత్త బ్రెజిల్ మొక్కను చూసి పాంటెడేరియా క్రాసిపెస్ అన్నాడు. 1883లో సోల్మ్స్ లౌబాఖ్ వచ్చి, కాదు, ఇది ఐకోర్నియా అన్నాడు. ఆ పేరుకు మూలమైన ఐకోర్న్ ఎవరో కాదు, ప్రష్యా విద్యామంత్రి. మంత్రిగారి పేరు మన కాల్వల్లో తేలుతూ ఉండిపోయింది! చివరికి 2018లో డీఎన్ఏ, పువ్వు నిర్మాణం కలిపి చూసినవాళ్లు ఐకోర్నియానీ మొనోకోరియానీ పాంటెడేరియాలోనే కలిపేశారు. 135 ఏళ్లకు పుట్టింటి పేరు దక్కింది. పాఠ్యపుస్తకాల్లో ఇంకా మంత్రిగారే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఈసారి ఒక మొక్కను పైకి లాగి, ఆకు కాడ దగ్గర ఉబ్బిన బుడిపెను బ్లేడుతో నిలువునా కోసి చూడండి. లోపలంతా సన్నసన్నని గాలి గదులు. మొక్క తేలేది వాటి వల్లే. చోటు ఉన్నప్పుడే ఈ బుడిపెలు. మొక్కలు కిక్కిరిస్తే ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి, తేలే బాధ తగ్గుతుంది. అప్పుడు కాడలు బుడిపె లేకుండా సన్నగా, పొడుగ్గా సాగుతాయి. ఒకే చెరువులో అంచున ఒక రూపం, నడుమ ఇంకో రూపం కనబడితే రెండు జాతులని పొరబడకండి.

పువ్వును మెచ్చుకోక తప్పదు. ఆరు లేత ఊదా రేకులు, పై రేకు మీద నీలపు మచ్చ, దాని మధ్య పసుపు బొట్టు. విచ్చిన రోజే వాడిపోతుంది. కీలాగ్రపు కాడ పొడవును బట్టి పూలు మూడు రకాలు: పొట్టి, మధ్య, పొడుగు. ఇలాంటి మూడు రకాల పూల తంతును డార్విన్ కూడా శ్రద్ధగా పట్టించుకున్నాడు. సొంత దక్షిణ అమెరికా బయట ఎక్కువగా కనిపించేది మధ్య రకమే. కారణం తేలికే: వచ్చింది కొద్దిమంది వలసదారులే, పెరిగింది పిలకలతోనే. పువ్వు వాడాక కాడ నీళ్లలోకి వంగి గింజల్ని అడుగున రాలుస్తుంది. ఆ గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి.

జేసీబీ పెట్టి చెరువు ఖాళీ చేయించిన కౌన్సిలర్‌గారు ఫొటో దిగి వెళ్లాక, మరుసటి వానాకాలం మళ్లీ పచ్చదనం ఎందుకు పరుచుకుంటుందో ఇప్పుడు తెలిసిందిగా. ఒక్క పిలక మిగిలినా చాలు, అనుకూలిస్తే రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది.

1980ల్లో దీన్ని తినే నియోకెటినా ముక్కుపురుగుల్ని మన దేశానికి తెచ్చి వదిలారు. పెద్ద పురుగు ఆకును గీకుతుంది, పిల్ల పురుగు కాడలో తొలుస్తుంది. కొన్ని చోట్ల బాగా పనిచేశాయి. కానీ మురుగు ద్వారా నత్రజని, భాస్వరం నిత్యం అందుతుంటే పురుగు తినే వేగం కంటే మొక్క పెరిగే వేగమే ఎక్కువ. అంటే మనం కాల్వలోకి వదిలేదే దానికి మేత. మురుగు ఆపకుండా మొక్కను మాత్రం పీకడం డబ్బు దండగ, ఈ మాట ఎన్నిసార్లయినా అంటాను.

మీ ఊళ్లో శ్రమదానం పెట్టుకుంటే పూత రాకముందే పెట్టుకోండి. తీసిన కుప్పను గట్టు మీద వదలకుండా దూరంగా తరలించండి. పూలు బావున్నాయి కదా అని ఎవరైనా కుండీలోకి పిలక ఇస్తే మాత్రం దయచేసి పుచ్చుకోకండి.