రెండో కృష్ణుడి కోసం

ఏలూరు చుట్టుపక్కల ఊళ్లలో రాయబారం నాటకం వేస్తే కృష్ణుడు ఒక్కడే ఉండడు. పడక సీనుకు ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. కాంట్రాక్టరు చేతిలో డబ్బు ఆడితే మూడో ఆయన కూడా. కొత్తవాళ్లకు ఇది వింతగా తోస్తుంది గానీ మా వైపు నాటకానికి వెళ్లేదే అందుకు. మొదటి కృష్ణుడు కిరీటం దింపకముందే రెండో కృష్ణుడి గొంతు గురించి చాపల మీద వాదన మొదలయ్యేది. కథ అందరికీ తెలిసిందే. తిరుపతి వేంకట కవుల పద్యాలు బడి మెట్లెక్కనివాళ్లకు కూడా నోటికి వచ్చు. తెలియనిదల్లా ఒక్కటే: ఈ రాత్రి ఈ మనిషి ఆ పద్యాన్ని ఎక్కడ ఎత్తుకుంటాడు, ఎక్కడ విరుస్తాడు, ఊపిరి ఎక్కడ దాచుకుంటాడు.

‘ఒన్స్ మోర్’ అన్న కేకను చదువుకున్నవాళ్లు వెక్కిరిస్తారు. చచ్చిన పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ చచ్చిపోయిన కథలు చెబుతారు. చెప్పుకోనివ్వండి. నా మటుకు అది వినేవాడి హక్కు. పీసపాటి నరసింహమూర్తి రాయబారం క్యాసెట్టు అరిగేదాకా విన్నవాణ్ణే నేను. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఆయన అచ్చం అలాగే పాడతాడు. వేదిక మీద రెండోసారి వచ్చే పద్యం మొదటిది కాదు. హార్మోనియం ఆయన ఒక కొత్త సంగతి వేసి సవాలు విసురుతాడు. పాడేవాడు దాన్ని అందుకుని ఇంకో మెట్టెక్కుతాడు. మధ్యలో మైకులో చదివింపులు వినిపిస్తాయి: ఫలానావారు కృష్ణుడికి నూటపదహార్లు. రసభంగమే. అయినా ఆ నూటపదహార్లతో తర్వాతి పద్యం రంగు మారుతుంది.

ప్రేక్షకుడు నాటకాన్ని దిద్దుకోవడం ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే హరిశ్చంద్ర కాటి సీను చూడాలి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిలో జనం ఎదురుచూసే పద్యాలు మాత్రం జాషువావి, ఆయన వేరే ఖండకావ్యంగా రాసుకున్నవి. నటులు తెచ్చి కలిపారు, జనం ఇక తీయనివ్వలేదు. ఆ పద్యాలు లేకుండా కాటి సీను వేసి ఊరు దాటగలిగే హరిశ్చంద్రుడు మా వైపు ఉన్నాడనుకోను.

కొల్లేటి ఒడ్డున ఆటపాక అనగానే ఇప్పుడు అందరికీ గూడబాతులు గుర్తొస్తాయి. 1907లో బందా కనకలింగేశ్వరరావు పుట్టింది ఆ ఊళ్లోనే. ఏలూరులో వకీలు, ప్రభాత్ థియేటర్ స్థాపకుడు, కృష్ణుడు, బిల్వమంగళుడు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెనక కూడా ఆయన చెయ్యి ఉంది. పగలు కోర్టులో వాదించి రాత్రి కౌరవసభలో వాదించిన మనిషి! రాయబారం అంటే వకాల్తానే కదా అని నేను సరదాగా అనుకుంటుంటాను. మాట స్పష్టంగా వినబడాలా, రాగం ఆకాశాన్ని అంటాలా అని మా పెద్దవాళ్లలో రెండు పార్టీలుండేవి. నేను మాట పార్టీ. అర్ధరాత్రి దాటాక మాత్రం రాగం పార్టీలోకి ఫిరాయిస్తాను.

తాడేపల్లిగూడెం పేరు చెబితే నాకు ఉల్లిపాయల మార్కెట్టు తర్వాత గుర్తొచ్చేది రేలంగి. అక్కడ సినిమా హాలు కట్టించి, చివరి రోజులు ఆ ఊళ్లోనే గడిపాడు. ‘పాతాళ భైరవి’ (1951)లో తన పాట తానే పాడుకున్నాడు. ఘంటసాల గొంతు ఉన్న సినిమాలో ఆ కీచుగొంతు పాట! నాకిష్టమైన పాటలు ఏరమంటే దాన్ని వదలను. రికార్డులో విన్నా ఎదురుగా నిలబడి పాడినట్టే ఉంటుంది.

బుర్రకథలో అయితే వినడం కూడా ఒక వేషమే. కథకుడు తంబురా భుజాన వేసుకుని, వేలికి అందెలు తొడిగి చిందు వేస్తుంటే, డక్కీలతో అటొకరు ఇటొకరు వంత. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఆ వంతలు చేసేది మనం చేయాల్సిన పనే: ఊఁ కొట్టడం, అడ్డం తగలడం, ‘తర్వాతేమైంది’ అని అడగడం. ‘అగ్గిరాముడు’ (1954)లో నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. ప్రజానాట్యమండలి రోజుల్లో ఆయన ఎదుట మైదానంలో కూర్చున్నవాళ్ల మీద మాత్రం నాకు అసూయ.

ఇక అసలు ప్రేక్షకులే లేని పాటలున్నాయి, నాట్ల పాటలు. పాడేవాళ్లూ వాళ్లే, వినేవాళ్లూ వాళ్లే. నడుం వంచి వెనక్కి నడుస్తూ ఒక ఆవిడ ఎత్తుకుంటే వరసంతా అందుకుంటుంది. కొసరాజు అలాంటి పొలం పాటనే, ఏరువాక పాటను, ‘రోజులు మారాయి’ (1955) కోసం రాస్తే మాస్టర్ వేణు వరసకట్టాడు, జిక్కి పాడింది, వహీదా రెహమాన్ ఆడింది. అయిదేళ్లకు ఆ వరస ‘బంబై కా బాబు’లో హిందీ మాటలు తొడుక్కుంది. బొంబాయి దాకా వెళ్లిన ఆ ఏరువాక కైకలూరు, ఆకివీడు వైపు చాలా చేలల్లో నిలబడలేకపోయింది. వరిచేలు చేపల చెరువులయ్యాయి. నాట్లు లేనిచోట నాట్ల పాట ఎవరు పాడతారు? 2006లో కొల్లేరు అభయారణ్యం లోపలి చెరువుగట్లను ప్రభుత్వం కొట్టించింది గానీ, గట్టు పగిలినంత మాత్రాన పాట తిరిగిరాదు. రాత్రిపూట రొయ్యల చెరువుల ఏరియేటర్ల హోరు వింటుంటే, శ్రుతి పట్టుకుని ఎవరూ పాడకుండా వదిలేసినట్టు ఉంటుంది.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్తే అక్కడా పెద్ద పెద్ద స్పీకర్లే. డప్పుల మధ్య గరగ ఎత్తుకున్న మనిషి అడుగు వేస్తే చుట్టూ ఉన్నవాళ్ల కాళ్లు వాటంతటవే కదులుతాయి. స్పీకరు ముందు కూడా కుర్రాళ్లు ఆడుతున్నారు, ఆడనివ్వండి. నా ఫిర్యాదు ఒక్కటే: ఆ పెట్టె వాళ్ల అలుపు చూసి దరువు తగ్గించదు.

చెరువుల్ని తిట్టుకుంటూ వచ్చిన నన్ను చేపల పట్టుబడి కాస్త మెత్తబరిచింది. తెల్లవారకముందే ముఠా నడుంలోతు నీళ్లలో దిగి పెద్దవల లాగుతుంది; గట్టు మీద ఐసు, పెట్టెలు, కలకత్తా పోవాల్సిన లారీ. ముందున్నవాడు ఒక మాట విసురుతాడు, మిగతావాళ్లు కేకతో అందుకుని వల ఒక బార లాగుతారు. ఆ మాటల్లో సినిమా పాట ముక్కలుంటాయి, ఓనరు మీద చెణుకులుంటాయి, నేను రాయలేని బూతులూ ఉంటాయి. గట్టు మీద నిలబడ్డ నన్ను చూసి నా కళ్లద్దాల మీద కూడా ఒకటి కట్టారు. బాగానే కుదిరింది. ఒన్స్ మోర్ అన్నాను.