ఒకటే మొహం, అయిదుసార్లు

మా బొమ్మ ఎవరు గీసినా ముందు మాకు భయమేస్తుంది. గీసినవాడు మంచోడా చెడ్డోడా అని కాదు. గడ్డం ఎంత పొడుగు పెట్టాడు, టోపీ ఏ రంగు వేశాడు, చేతికి ఏం ఇచ్చాడు, కళ్లు ముందు అక్కడికే పోతాయి. బొమ్మ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. చిన్నప్పుడు సినిమా హాల్లో "నిమ్కీ, హమ్కీ" అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడే సాయిబు తెర మీదికి రాగానే హాలంతా నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. నవ్వకపోతే పక్కవాడు మా వైపు చూస్తాడని.

ఇక్కడొక మాట. మేము ఒక్కడిమే. అయినా "మేము" అనే రాస్తాం. పత్రికలో పనిచేసి వచ్చిన అలవాటు కొంత. మిగతాది మా తప్పు కాదు. ఎక్కడో ఏదో జరిగితే టీకొట్టు దగ్గర "మీవాళ్లు చూడు" అంటారు. అప్పుడు అందరి తరఫునా మేమే జవాబు చెప్పుకోవాలి. "నేను" అనే సౌకర్యం మాకెవరిచ్చారు?

ఉర్దూలో వార్త రాసి, దాన్నే తెలుగులోకి తిరగరాసి బతికేవాళ్లం. చదివింది బి.ఎ. బొమ్మ గీయడం రాదు. అలాంటి మా దగ్గరికి మూడేళ్ల కింద జనగామ నుంచి ఒక అమ్మాయి తన యానిమేషన్ సినిమా పంపి, "మామూ, చూసి ఎలా ఉందో చెప్పండి" అంది. నాలుగు నిమిషాల సినిమా. యూట్యూబ్‌లో పెట్టేముందు ఎవరైనా పెద్దవాళ్లు చూడాలని ఆమె కోరిక. కథ బందగీది.

బందగీ పేరు వినని ముస్లిం పిల్లలే ఇప్పుడు ఎక్కువ. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ చిన్న రైతు. విసునూరు దేశ్‌ముఖ్ అండతో తన భూమి మీదికి వచ్చినవాళ్లతో కోర్టులో కొట్లాడి గెలిచాడు. గెలిచినందుకే 1940ల మొదట్లో చంపేశారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకంలో బందగీ ఉన్నాడు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఎవరు మాట్లాడినా దొడ్డి కొమరయ్య కంటే ముందు ఈయన పేరు రావాలి. కొందరికి వస్తుంది, చాలామందికి రాదు.

ఆ కోపమంతా ఆ పిల్ల మీద చూపించాం. మూడు పేజీల ఉత్తరం రాశాం. దేశ్‌ముఖ్ గడీ అలా ఉండదని, కోర్టు కాగితం ఏ భాషలో ఉండేదో కనుక్కోమని, ఆ కాలంలో ఆ చొక్కా లేదని. జవాబు లేదు. రెండు నెలల తర్వాత వాళ్లింటి పెళ్లిలో కనిపిస్తే అడిగాం. "మామూ, ఆప్ బందగీ కే బారే మే బోలే, మేరే పిక్చర్ కే బారే మే కుచ్ నై బోలే" అంది. బందగీ గురించి చెప్పారు గానీ నా సినిమా గురించి ఏం చెప్పారు అని. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ చల్లారిపోయింది గానీ మాకు మాట రాలేదు.

నిజమే, ఆ సినిమాను మేము చూడలేదు, తనిఖీ చేశాం. ఏళ్ల తరబడి తెర మీద మమ్మల్ని వెతుక్కుని వెతుక్కుని, చూడటం అనే పనే మరిచిపోయాం. ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకుని చూశాం. బందగీ కోర్టు నుంచి నడిచొచ్చే సీను. మనిషి కదులుతున్నాడు, భుజం మీద తువ్వాలు మాత్రం రేకు ముక్కలా బిగుసుకుపోయి ఉంది. గెలిచిన మనిషి నడకా, ఓడిన మనిషి నడకా ఒక్కటిగానే ఉన్నాయి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. మన పిల్లలు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో గడుపుకుంటారు. ఆ 12 బొమ్మల్లోనే సంతోషం పట్టాలి. ఈసారి ఉత్తరం రాయలేదు. తువ్వాలు గురించి ఒక్క మాట, నడక గురించి ఒక్క మాట ఫోన్లో చెప్పాం. "హౌ మామూ" అంది.

తర్వాత ఆమె తన నానీ మీద ఇంకో చిన్నది చేసింది. నానీ సజ్దాలోకి వెళ్లి లేస్తుంది. వంగినంత తేలిగ్గా లేచేస్తోంది. మోకాళ్ల నొప్పున్న ముసలమ్మ అలా లేస్తుందా బేటీ, చెయ్యి నేల మీద ఆనించి ఒక్క ఊపిరి ఆగదా అన్నాం. ఆ అమ్మాయి నానీ పక్కన నాలుగు రోజులు కూర్చుని, నమాజు చూసి మళ్లీ గీసింది. ఆ ఆగడానికి ఎనిమిది బొమ్మలు పట్టాయట.

బొమ్మ కథ చెప్పడం మా నేలకు కొత్తేం కాదు. జనగామ పక్కనే చేర్యాల. అక్కడి నకాషీలు గుడ్డ మీద వరసగా బొమ్మలు వేస్తే, కథకులు పటం విప్పుకుంటూ ఒక్కో కులానికి ఆ కులం పురాణం చెప్పేవారు. నకాషీ అన్న మాట మా ఉర్దూలోదే. నఖ్ష్ అంటే గీసిన రూపు. మాట మాది, పటంలో మా కథ మాత్రం లేదు. ఎవరి పటం వాళ్లు వేయించుకోవాల్సిందే మరి.

మానుకోట పిల్లగాడి సంగతి వేరే. మహబూబాబాద్ అని బోర్డు మీద ఉంటుంది, ఊరి నోట్లో మానుకోటే. స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తాడు, హిందువుల పిల్లగాడు. తనే ఎవరి దగ్గరో మా నంబరు తీసుకుని సినిమా పంపాడు. షోయబుల్లాఖాన్ మీద. మానుకోట తాలూకాలో పుట్టిన మనిషి, 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక ఎడిటర్. నిజాం రాజ్యం ఇండియాలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో దాడి చేసి, రాసే చెయ్యి నరికి చంపారు. ఇరవై ఏడేళ్లు. ఉర్దూలో రాసి బతికే మాకు ఆయన ఏమవుతాడో వేరే చెప్పాలా?

సినిమా చూశాం. చంపేవాళ్లు అయిదుగురు. అయిదుగురికీ గడ్డం, టోపీ, కళ్లకు సుర్మా. "నిమ్కీ" భాష. చనిపోయే మనిషికి మాత్రం ఏ గుర్తూ లేదు. పేరు కూడా 'ఒక జర్నలిస్టు'. చేతిలో పత్రిక మీద తెలుగు అక్షరాలు. అంటే, చంపినవాళ్లు మావాళ్లు. చచ్చిపోయినవాడు ఎవరో మంచి మనిషి.

ఒళ్లు మండింది. కానీ జనగామ పాఠం గుర్తుంది. ఫోన్ చేసి అడిగాం, ఎందుకలా చేశావని. తడుముకోకుండా చెప్పాడు. "సార్, టోపీ పెడితే జనం ఈయన్ని గూడ రజాకారే అనుకుంటరు. నాకు ఈయన మీద జాలి రావాలె."

ఆ మాటలో కల్మషం లేదు. అదే మాకు ఎక్కువ గుచ్చుకుంది. ముస్లిం మీద జాలి రావాలంటే ముందు అతన్లోని ముస్లింను చెరిపెయ్యాలని ఆ పిల్లగాడికి ఎవరూ నేర్పలేదు. చూసి చూసి వచ్చింది. వాడొక్కడు చూసిన చూపా ఇది? డిస్నీవాళ్లు 1992లో 'అల్లాద్దీన్' తీసినప్పుడు మొదటి పాటలోనే అరబ్బుల దేశంలో చెవి కోస్తారని ఉంది. అమెరికాలోని అరబ్బులు గట్టిగా అడిగితే 1993లో ఇళ్లకు వచ్చిన క్యాసెట్లో ఆ పాదం మార్చారు. ఆ దేశం అనాగరికమన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది, 2019లో మళ్లీ సినిమా తీసేదాకా. చెడ్డవాళ్లకు అరబ్బు యాస, మంచివాళ్లకు అమెరికా యాస అన్నది కూడా అప్పుడే అడిగారు. అంత పెద్ద కంపెనీతో ఒక పాదం మార్పించడానికి అంత గొడవ కావాల్సొచ్చింది. మా పిల్లగాడు ఫోన్లో ఒక్క మాటకు వింటాడు. వినేవాడితో ఏం మాట్లాడాలో మాకే తెలియలేదు. వారం పట్టింది.

చివరికి చెప్పింది ఇదీ. టోపీ సంగతి నా మాట విని కాదు, ఆయన ఫోటో దొరికించుకుని అదెట్లుంటే అట్ల గియ్యి. పేరు పూర్తిగా రాయి. ఆ అయిదుగురూ ఒకటే మొహం, నువ్వు ఒకణ్ని గీసి నలుగుర్ని కాపీ కొట్టావు, అయిదు మొహాలు గియ్యి. ఒకడు భయపడుతున్నోడు కావొచ్చు, ఒకడు ఎవరో చెబితే వచ్చినోడు కావొచ్చు. నాలుగోది, పత్రిక ఉర్దూలో ఉండాలి.

"సార్, ఉర్దూ పెట్టిన. ఇరిగిపోయింది" అన్నాడు.

స్క్రీన్ పంపితే అర్థమైంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు కుడి నుంచి ఎడమకు రాయడం తెలియదు. ఇమ్రోజ్‌లో అయిదు అక్షరాలు. అందులో కలిసేవి మీమ్, రే రెండే. ఆ రెంటినీ విడదీసి, మొత్తం మాటను తిరగేసి, ముందు జే, చివర అలిఫ్ పెట్టింది. సరిగ్గా లేదని తెలిసి, ఏం చెయ్యాలో తెలియక తెలుగు పెట్టాడు పాపం. మేమేమో దాని వెనక ఏదో కుట్ర చూశాం.

భూపాలపల్లి గురించి కూడా చెప్పాలి. అక్కడికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సే. సింగరేణి కార్మికుడి కొడుకు, మావాడే. తండ్రి నైట్ షిఫ్ట్ మీద రెండు నిమిషాల సినిమా. మాటల్లేవు. చీకట్లో క్యాప్ ల్యాంప్ వెలుగు, నీళ్ల చప్పుడు, డబ్బా మూత తీసిన చప్పుడు. మధ్యాహ్నం బస్టాండులో ఫోన్ పెట్టుకుని చూసి, "ఏం కనబడట్లే, కొంచెం వెలుగు పెంచు" అన్నాం. "బాయిల గట్లనే ఉంటది సార్" అన్నాడు. ఆ రాత్రి లైటు ఆర్పి, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాం. పొద్దున్నే మా మాట వెనక్కి తీసుకున్నాం. 'ఫ్లో' అనే లాత్వియా సినిమాను తనలాగే బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే చేశారని, 2025లో దానికి ఆస్కార్ వచ్చిందని ఆ పిల్లవాడే మాకు చెప్పాడు.

ఆ సినిమా చూసి మా మిత్రుడొకాయన, "ఇందులో ముస్లిం ఎక్కడున్నాడు?" అన్నాడు. చివరి బొమ్మలో మస్టర్ పుస్తకంలో తండ్రి పేరుంది, ఒక్క సెకను. ఆ మిత్రుడికి అది చాలలేదు. మాకు చాలింది. మేము చూసినవాటిలో అదే పెద్ద సినిమా.

మానుకోట పిల్లగాడికి మేమే కాగితం మీద కలంతో 'ఇమ్రోజ్' రాసి, ఫోటో తీసి పంపాం. టైపు చెయ్యకు, బొమ్మలా అతికించు అన్నాం. నెల తర్వాత మళ్లీ పంపాడు. అయిదుగురికీ అయిదు మొహాలు. అందులో ఒకడు పక్కకు చూస్తున్నాడు. షోయబుల్లాఖాన్ అని పూర్తి పేరు. పత్రిక తెర నిండా మూడు సెకన్లు నిలబడింది, మా అక్షరం.

అమ్మీకి చూపించాం. ఉర్దూ చదువుకున్న మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ దగ్గరికి పట్టుకుని చూసింది. సినిమా అయిపోయాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెనక్కి జరపమని, పత్రిక దగ్గర ఆపమంది.

"గీ మీమ్ ఎవరు రాసిన్రు? తలకాయ గింత చిన్నగైంది" అంది.