షెడ్డు గోడ మీద తెలుగు కాయితం

మా నూజివీడు వైపు మామిడికి రెండు సీజన్లు. ఒకటి కాయ కోసేది. ఇంకోటి కోతలయ్యాక సామాన్లు బాగుచేసుకునేది. మొదటిదాని గురించి అందరూ రాస్తారు, రసాల ఫోటోలతో సహా. రెండోదాని గురించి నేను రాస్తున్నా.

ఆగిరిపల్లి దారిలో ఉన్న మా తోటలో ఒక రేకుల షెడ్డు ఉంది. వానలు మొదలయ్యేసరికి అందులో ఇనుమన్నదల్లా తుప్పు పడుతుంది: రంపాలు, కత్తులు, చిక్కం గెడకి ఉండే రింగులు, స్ప్రేయర్ సామాన్లు. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి కాబట్టి సరిగ్గా అప్పుడే అవన్నీ కావాలి. ఇదివరకు తాతయ్య గరుకు కాయితం పెట్టి గంటల తరబడి తోమేవారు. పోయినేడు బాబాయి ఆన్‌లైన్‌లో ఒక రోటరీ టూల్ తెప్పించాడు. చేతిలో మైకు పట్టుకున్నట్టు ఉంటుంది. చివర వైర్ బ్రష్ బిగిస్తే గంట పని పది నిమిషాల్లో అయిపోతుంది. తాతయ్య దానికి పెట్టిన పేరు 'చిన్న మిషను'.

తాతయ్యకి చూపున్నది ఒక్క కంటికే. ఎడమ కన్ను చిన్నప్పుడే మామిడి పుల్ల గుచ్చుకుని పోయింది. అందుకే ఆ మిషను నాకు చిన్నదిగా కనిపించలేదు.

ప్యాకెట్లు చదివితే ఒక విషయం తెలిసింది. మిషను మీద నిమిషానికి 30,000 చుట్లు అని ఉంది. స్టీలు బ్రష్ ప్యాకెట్ మీద మాత్రం గరిష్ఠం 15,000 అని ఉంది. అంటే మిషను తిరగగలిగిన స్పీడులో సగమే బ్రష్ తట్టుకుంటుంది. రెండూ ఇంగ్లీషులోనే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. తాతయ్య తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఇంగ్లీషు రాదు.

మన బ్యాచ్‌కి అలవాటైన పనే కాబట్టి లెక్క వేశాను. బ్రష్ అడ్డకొలత 19 మిల్లీమీటర్లు. 15,000 దగ్గర దాని అంచు గంటకి దాదాపు 54 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. 30,000 దగ్గర 107. అసలు భయం ఇది కాదు. స్పీడు రెండింతలైతే తీగని బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. 15,000 దగ్గరే తీగ కొస మీద దాని బరువుకి 2,400 రెట్ల లాగుడు ఉంటుంది. 30,000కి తిప్పితే అది దాదాపు 9,600 రెట్లు. పైగా ఇనుముకి తగిలినప్పుడల్లా తీగ వంగి లేస్తుంది. ఇనప కమ్మీని అటూ ఇటూ వంచితే విరిగినట్టే ఇదీ మొదట్లో విరుగుతుంది. బ్రష్ కొత్తదైనా అంతే, సరిగ్గా బిగుసుకోని తీగలు ముందే ఎగిరిపోతాయి.

ఈ లెక్క తాతయ్యకి చెప్తే నవ్వారు. "ఒక్క కంటితో అరవై ఏళ్ళు తోట చేశానమ్మా" అన్నారు. నేను వాదించలేదు. పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం తెచ్చి, ఆయన ముందురోజు పని చేసిన చోట నేల మీద తిప్పాను. సగం కనురెప్ప వెంట్రుకంత తీగ ముక్కలు అంటుకున్నాయి. లెక్కపెడితే పదకొండు. ఆయన ఒకదాన్ని అరచేతిలో వేసుకుని వెలుగులో పెట్టి చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ అద్దాలేవో తెప్పించు" అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు పని. జాగ్రత్తలన్నీ తెలుగులో రాసి గోడకి అంటించాలి. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం నేను. 'పరిభ్రమణ వేగం' అని రాస్తే తాతయ్య "స్పీడు అంటే చాలదా?" అన్నారు. 'పోగులు' అన్నాను. "అదేమన్నా నూలా? తీగలు అను." ఒక్కో మాటా ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. చివరికి గోడెక్కింది ఇది:

1. స్పీడు ఎర్ర గీత దాటకూడదు. (మాన్యువల్ చూసి 15,000 లోపు వచ్చే చోట డయల్ మీద నా గోళ్ళ రంగుతో గీత పెట్టాం.)

2. పక్కలు కూడా మూసి ఉండే అద్దాలు, వాటి మీద ముఖానికి అడ్డం. చదువుకునే కళ్ళజోడు పనికిరాదు.

3. తువ్వాలు మెడలోంచి తీసి మేకుకి తగిలించాలి. లుంగీ అంచు, చున్నీ, జడ, వదులు గుడ్డ గ్లవ్స్ ఏవీ మిషను దగ్గరికి రాకూడదు.

4. బ్రష్ బిగించాక ముందు ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి. దాని ఎదురుగా ఎవరూ ఉండకూడదు. పిల్లలు షెడ్డు బయట.

5. వస్తువు చేత్తో పట్టుకోకూడదు, వైస్‌లో బిగించాలి. నొక్కకూడదు. తోమేది తీగల కొసలే. నొక్కితే అవి వంగి విరుగుతాయి.

6. బ్రష్‌ని అంచుకి ఎదురు పెట్టకూడదు, తంతుంది. అంచు దాటి బయటికి పోయే వైపే పెట్టాలి.

7. స్ప్రేయర్ సామాన్లు ముందు బాగా కడగాలి, లేకపోతే మందు దుమ్మై ముక్కులోకి వస్తుంది. మాస్కు తప్పదు. ఇత్తడికి ఇత్తడి బ్రష్. నాజిల్ బెజ్జంలో బ్రష్ పెట్టకూడదు. పెట్రోలు దరిదాపుల్లో ఉండకూడదు.

8. వంగిన బ్రష్, అదిరే బ్రష్ పారెయ్యాలి. పని అయ్యాక నేలంతా అయస్కాంతం తిప్పాలి.

పాత పెయింట్ సంగతి విడిగా రాశాం. మన దేశంలో ఇళ్ళకి వేసే పెయింట్‌లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు పెయింట్‌కి ఆ భరోసా లేదు. కాబట్టి పాత గేటు, పాత కిటికీ చువ్వలు ఈ మిషనుతో గీకవద్దు.

కంటి గురించి చివర్లో పెద్ద అక్షరాలతో రాశాం. మా ఊళ్ళో కంట్లో నలుసు పడితే చీర కొంగు చుట్టి తీస్తారు, ఆముదం చుక్క వేస్తారు. ఇనుముకి అవేవీ వద్దు. నలపకూడదు, శుభ్రమైన నీళ్ళతో కడగాలి. తీగ గుచ్చుకుని ఉంటే లాగకూడదు. కంటి మీద ఒత్తిడి పడకుండా ఏదైనా అడ్డం పెట్టి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చూస్తూ ఊరుకుంటే ఇనప నలుసు చుట్టూ కంట్లోనే తుప్పు పడుతుంది. మాకైతే విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఆ దారి కూడా కాయితం మీద రాసిపెట్టాం.

ఇప్పుడు తాతయ్య మిషను ఆన్ చేసే ముందు తువ్వాలు మేకుకి తగిలిస్తారు. అద్దాలు పెట్టుకోకుండా బాబాయి వస్తే గోడ వైపు వేలు చూపిస్తారు. నేను చెప్తే వినని బాబాయి ఆ వేలికి వింటాడు.

ఫ్రెండ్స్, మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి ప్యాకెట్లు ఉండే ఉంటాయి. డ్రిల్లింగ్ మిషను, గ్రైండర్, పురుగుమందు, ఇన్వర్టర్ బ్యాటరీ. వాడేది ఒకరు, దాని మీద రాసింది చదవగలిగేది ఇంకొకరు. మనకి ఇంగ్లీషు చదువు చెప్పించింది ఆ వాడేవాళ్ళే. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఒక్క ప్యాకెట్ తీసి చదవండి. మీ అమ్మానాన్నలతో కూర్చుని, వాళ్ళ మాటల్లోనే ఒక కాయితం రాసి గోడకి అంటించి రండి. అరగంట పని.