ఉండవల్లి గుహలు

మంచిర్యాలను ఆనుకొనియున్న నస్పూరులో మా కాపురము. మా వారు బడిపంతులు. మా వాడలోని మగవారిలో పెక్కుమంది బ్రదుకు నేలపైకంటె నేలక్రిందనే యెక్కువగా గడచినది. బొగ్గుబాయి యను మాట మా యిండ్లలో దినమునకు నూరుసార్లు వినబడును. అయినను ఆ బాయి లోపల నెట్లుండునో కన్నులార చూచిన యాడుది నేనెరిగినంతలో ఒక్కతెయు లేదు. 1952వ సంవత్సరపు గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించినది. 2019లో దానిని కొంత సడలించి, సాంకేతికోద్యోగములలోనున్న స్త్రీలు పగటివేళ దిగవచ్చునని యనుమతించిరి. మంచిదే గాని, మా అత్తగారి యీడువారికి దానివలన నొరిగినదేమి? ఆమె ముప్పదియేండ్లు మామగారికి సద్దిగిన్నె కట్టి పంపినది. ఆ గిన్నె యే తావున విప్పబడుచుండెనో ఆమెకు తెలియకుండగనే మామగారు స్వర్గస్థులైరి.

గుహలనుగూర్చి వ్రాయబూని గనుల ప్రస్తావన యేల తెచ్చితినని సోదరీమణులు విసుగుకొనవలదు. ఆ రెంటికిని గల సంబంధము నాకును ఉండవల్లికి పోవువరకు తెలియదు.

నేను పోవదలచినది వేరు కారణమునకు. చిన్ననాడు మా తండ్రిగారు నాకు భాగవతము చెప్పినప్పటినుండియు శేషశాయిని రాతిలో చూడవలెనను కోరిక యుండెను. పైగా మా అబ్బాయి క్రొత్త కెమెరా కొనుక్కొని, పాతదానిని నాకిచ్చినాడు. దానితో బడిపిల్లలను, ముగ్గులను, గోదావరి రేవును తీసి తీసి చేయి కొంత కుదిరినది. అత్తగారు కృష్ణాస్నానము చేయుదు ననిరి. మా పెద్దబావగారు గనిలో సర్దారు పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. తోడు వచ్చెద ననిరి. మా వారికి బడిలో పరీక్షలు. మేము మువ్వురము మంచిర్యాలలో రాత్రి రైలెక్కి, కాజీపేట, వరంగల్లు, ఖమ్మములమీదుగా తెల్లవారునప్పటికి విజయవాడ చేరితిమి.

స్నానము, అమ్మవారి దర్శనము ముగించుకొని, ఇంద్రకీలాద్రి దిగువనున్న అక్కన్న మాదన్న గుహలను చూచితిమి. తానీషా మంత్రుల పేరు వానికెట్లు వచ్చినను, గుహలు మాత్రము వారికంటె ఎన్నియో శతాబ్దములు పాతవి. అక్కడ ఎండ మిక్కుటముగా నుండుటచే ఎక్కువసేపు నిలువలేదు. ఆటో మాట్లాడుకొని ప్రకాశం బరాజు దాటి ఆవలియొడ్డునకు పోతిమి. ఉండవల్లి అచ్చటికి దూరము కాదు.

కొండ యెదుటికి రాగానే మొదట కన్నులకు తోచునది మేడ. నాలుగంతస్తుల మేడ! అయితే అందులో నొక్క యిటుకయు లేదు, సున్నముతో నతికిన రాయియు లేదు. కొండనే ముఖమునుండి లోనికి తొలిచికొని పోయినారు. విష్ణుకుండినుల కాలమున, నాలుగైదు శతాబ్దములలో, దీనిని తొలిచిరని పలువురు చెప్పుదురు. శిల్పరీతినిబట్టి ఏడవ శతాబ్దమని మరికొందరందురు. ఏ లెక్కను చూచినను 1,300 ఏండ్లకు తక్కువ లేదు. పై వసారాలో పెద్ద పెద్ద మునుల విగ్రహములు, వాని ముందర సింహములు కూర్చుండి పొలములవైపు చూచుచున్నవి. ఇపుడిది పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది.

క్రింది యంతస్తు పూర్తికాని మంటపము. వచ్చువారిలో చాలమంది అక్కడ నిలువక మెట్లవైపు పోవుదురు. నేనును పోబోయితిని. వెనుదిరిగి చూతును గదా, బావగారు ఒక స్తంభముకడ ఆగిపోయి, వ్రేలిగణుపుతో గోడపై తట్టుచున్నారు. తట్టి చెవియొగ్గుచున్నారు. గనిలో పైకప్పును కర్రతో తట్టి, శబ్దము గట్టిగా వచ్చుచున్నదో డొల్లగా వచ్చుచున్నదో వినుట సర్దారు పని. డొల్లగా మ్రోగినచో క్రింద మనిషి నిలువరాదు. పని మానినను చేతికి అలవాటు పోలేదు.

"గీ కంబాలు ఎవలు నిలబెట్టలే. చుట్టూ తవ్వంగ మిగిలినయే. మా పిల్లర్లు గూడ గిట్లనే" అనిరి బావగారు.

అత్తగారు మెట్టుపై వేసిన కాలు వెనుకకు తీసికొనిరి.

బావగారు మాకు విడమరచి చెప్పిరి. బొగ్గుపొరలో అడ్డముగను నిలువుగను దారులు త్రవ్వుకొని పోవుదురట. దారికిని దారికిని నడుమ బొగ్గునే చదరముగా విడిచిపెట్టుదురు. అదియే పిల్లరు. పైనున్న నేల బరువంతయు దానిపై నుండును. కడపట ఆ పిల్లర్లను గూడ కోసికొనుచు వెనుకకు మరలుదురు. అపుడు కప్పు కూలును. పైన ఊరో వాగో యుండి కూలనీయరాని తావైనచో, గోదావరి యిసుకను నీటితో కలిపి గొట్టములద్వారా లోనికి పంపి ఆ ఖాళీని పూడ్చుదురు. ఇన్నియేండ్లు గోదావరియొడ్డున ఇసుకబండ్లను చూచుచు, అది యంతయు ఇండ్లు కట్టుటకేనని నేననుకొంటిని!

"మీ బాపు పనిచేసిన జాగ గిట్లనే ఉంటదా, కొడుకా?"

"గింత వెలుతురు ఉండదవ్వా. గింత సల్లగ గూడ ఉండది. కాని తీరు గిదే."

"మరి సద్ది ఏడ తినేది?"

బావగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట ఒక స్తంభపు మొదలు చూపి, "గిట్ల, పిల్లరు మొదట్ల కూసోని" అనిరి.

అత్తగారు పోయి అక్కడనే కూర్చుండిరి. స్తంభమునకు వీపానించి, ప్రక్కనున్న నేలను అరచేతితో మెల్లగా తుడిచిరి, ఎవరికో విస్తరి వేయబోవుచున్నట్లు. నా చేతిలో కెమెరా యుండెను. తీయుదునా మానుదునా యని నాకు తోచలేదు. ఆమెయే నన్ను చూచి, "తియ్యి బిడ్డా" అనిరి.

పై యంతస్తునకు ఆమె మోకాళ్లు పట్టుకొని యెట్లో యెక్కిరి. అనంతశయనుడు పదునైదడుగులకు మించిన నిడుపున శేషునిపై పవళించియున్నాడు. పాదములవైపు మధుకైటభులు. నేనింతకాలము మనసులో చిత్రించుకొన్న విష్ణువు మేలుకొనియున్నవాడు. ఈయన నిజముగనే నిద్రలో నున్నాడు. ఆ యరచీకటిలో మా గొంతుకలు వాటంతటవే తగ్గినవి.

ఛాయాచిత్రము తీయబోవు సోదరీమణులకు ఒక మాట. స్వామి ఒక్క చిత్రమున ఇమిడిరాడు. దూరముగా పోదమన్న స్తంభములడ్డు. బయట వెలుగు, లోపల చీకటి యగుటచే కెమెరా మోసపోవును. వాకిలి వైపునకు వెన్నుపెట్టి నిలువవలెను. మూడుకాళ్ల స్టాండు వాడుటకు ముందుగా అనుమతి పొందవలెను. నేను పొందలేదు. మెరుపుదీపము వేయుటకు మనసొప్పలేదు. ఒక స్తంభమునకు భుజము చేరవైచి, ఊపిరి బిగబట్టి, శిరస్సు నొకటి, ఉదరము నొకటి, పాదముల నొకటిగా మూడు చిత్రములు తీసితిని. అత్తగారు వానిని చూచి, "దేవుణ్ణి మూడు తునకలు జేసినవు గదనే" అని నవ్విరి. ఆ దినమంతయు ఆమె నవ్వినది అప్పుడే.

ఇంటికి వచ్చి చిత్రములన్నియు అచ్చు వేయించితిని. శేషశాయి చిత్రములు చక్కగా వచ్చినవి. క్రింది మంటపములోనిది సరిగా రాలేదు. స్తంభము స్పష్టముగా నున్నది గాని, నేలను తుడుచుచున్న అత్తగారి చేయి కదలి పొగవలె మసకయైనది. మరల తీయుట కాదు గదా! మా వారు దానినే పెద్దది చేయించి ముందరియింటిలో తగిలించిరి.

సాయంకాలము వాడలోని యాడువారు చూడవచ్చిరి. స్వామికి దండముపెట్టి, ఆ మంటపపు చిత్రముకడకు వచ్చునప్పటికి అందరును నిలిచిపోవుచుండిరి. "ఇది ఏ బాయి?" అని యొకామె అడిగినది. అత్తగారు చెప్పుటకు మొదలుపెట్టిరి. పిల్లరు, కప్పు, ఇసుక, సద్ది – బావగారు చెప్పినదంతయు, ఒక్క ముక్క పొల్లుపోకుండ. ఎదురింటి ముసలమ్మ కొడుకును పిలిచి విజయవాడకు టిక్కెట్టెంతయో కనుగొనుమన్నది.