చేతిగడియారం కొనేవారికి

పిల్లలూ, టైము తెలుసుకోవటానికి ఇప్పుడు చేతిగడియారం అక్కర్లేదు. నాన్న జేబులో ఫోను ఉన్నది, బడిలో గోడగడియారం ఉన్నది. అయినా పుట్టినరోజు దగ్గరపడేసరికి మీలో చాలామంది వాచీ కావాలంటున్నారు. ఎందుకని అడిగితే నీళ్ళు నములుతారు. అందంగా ఉంటుందని చెప్పటానికి సిగ్గెందుకు? చేతికి గాజులు వేసుకున్నట్టే ఇదీ ఒక అలంకారం. అసలు చేతిగడియారాలు మొదట్లో ఆడవారి నగలుగానే చెలామణి అయినాయి. మగవారు గడియారాన్ని గొలుసుకు కట్టి జేబులో వేసుకునేవారు. 1914 లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక, ఒక చేత్తో తుపాకీ పట్టుకుని రెండో చేత్తో జేబు తడుముకోవటం సైనికులకు కుదరలేదు. ఆ విధంగా అది మగవారి మణికట్టుకు కూడా ఎక్కింది.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజుల్లో వాచీ అంటే పెళ్ళికొడుక్కి మామగారు పెట్టే వస్తువు. సైకిలు, రేడియో, వాచీ ఇస్తేగాని పీటలమీద కూర్చోనని భీష్మించిన పెళ్ళికొడుకులు ఉండేవారు. (ఈ సంగతి మీ తాతగారిని అడిగి చూడండి. ఆయన మాట మారిస్తే అమ్మమ్మను అడగండి.) అంత విలువైన వస్తువు ఇప్పుడు వెయ్యి రూపాయల లోపల దొరుకుతున్నదంటే కారణం ఒక చిన్న రాయి.

ఆ రాయి పేరు క్వార్ట్జ్. దాన్ని సన్నగా కోసి విద్యుత్తు తగిలిస్తే అదురుతుంది. వాచీలో ఉండే ముక్క సెకండుకు 32,768 సార్లు అదిరేటట్టు తయారుచేస్తారు. ఈ అంకె ఎందుకు ఎంచుకున్నారో పెన్సిలు తీసుకుని మీరే కనిపెట్టండి. దాన్ని 2 తో భాగించండి, వచ్చినదాన్ని మళ్ళీ 2 తో భాగించండి. అలా 15 సార్లు చేస్తే సరిగ్గా 1 మిగులుతుంది. వాచీలోని చిన్న చిప్పు చేసేది ఈ భాగహారమే! అలా వచ్చిన ఒక్క దెబ్బతో సెకండ్ల ముల్లు ఒక అడుగు వేస్తుంది. 1969 డిసెంబరు 25 న జపానులో సైకో కంపెనీవారు మొట్టమొదటి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర ఒక చిన్న కారు ధరంత ఉండేది. తరవాత ధర పడిపోయింది. 1983 లో స్విట్జర్లాండు వారు స్వాచ్ అనే ప్లాస్టిక్ వాచీని 51 భాగాలతో తయారుచేసి, దుస్తులకు తగినట్టు మార్చుకోమని రంగురంగులుగా అమ్మారు.

కనక ఒక మాట గుర్తుంచుకోండి. చవక క్వార్ట్జ్ వాచీ నెలకు పదిహేను, ఇరవై సెకండ్లు అటూ ఇటూ కావచ్చు. కీ ఇచ్చే వాచీ ఎంత ఖరీదైనదైనా ఒక్క రోజులోనే కొన్ని సెకండ్లు తేడా రావచ్చు. మీరు ఎక్కువ పెట్టే డబ్బు టైముకోసం కాదు, సోకుకోసం. సోకు కోసమని తెలిసి పెడితే నాకు అభ్యంతరం లేదు.

ఇక దుకాణానికి పోదాం. అద్దాలపెట్టెలో వాచీలన్నీ పది గంటల పది నిమిషాలు చూపుతుంటాయి. ముళ్ళు రెండూ చేతులు చాచినట్టుండి కంపెనీ పేరు చక్కగా కనబడాలని అలా పెడతారు. దాని నవ్వుముఖం చూసి మోసపోకండి, తిరగేసి వెనక చూడండి. అక్కడ ఇంగ్లీషులో "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే, ఆ వెనక మూత మాత్రమే స్టీలని అర్థం! చట్రం ఇత్తడికో మరో చవక లోహానికో పూత వేసినది కావచ్చు. మన ఎండలకు పట్టే చెమటకు ఆ పూత ఏడాది రెండేళ్ళలో లేస్తుంది. కొందరికి చర్మం దద్దురెక్కుతుంది కూడా. తెలివైన అమ్మకందారు ఈ మాట తనంతట తాను చెప్పడు. అంతకంటె ప్లాస్టిక్ చట్రమే నయం. 1989 లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ అనే అంకెల వాచీ అటువంటిదే. ఈనాటికీ అమ్ముతున్నారు, బాటరీ ఏడేళ్ళదాకా వస్తుంది.

కొన్నిటిలో పెద్ద చక్రం మధ్య మరి మూడు చిన్న చక్రాలు కనబడతాయి. మీటలు నొక్కి చూడండి. చిన్న ముళ్ళు కదలకపోతే అవి బొమ్మలేనన్నమాట. పెద్ద కంపెనీ పేరు పెట్టుకుని రెండువందలకు వచ్చే నకలు వాచీలు ఎక్కువగా ఈ జాతివే. ఇక పరిమాణం. పట్టీ తగిలించే కొమ్ములు మణికట్టు దాటి బయటికి వస్తే అది మీ వాచీ కాదు, మీ అన్నయ్యది.

ఇప్పుడు ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. 2012 లో నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న బడిలో అతను పదో తరగతి చదువుతున్నాడు. తండ్రి పోయాడు. ఆయన కట్టుకున్న హెచ్.ఎం.టి. జనతా ఇంట్లో ఉన్నది. ఆ కంపెనీ 1961 లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో వాచీలు చెయ్యటం మొదలుపెట్టింది. ఆ విభాగాన్ని మూసివెయ్యాలని 2016 లో ప్రభుత్వం నిర్ణయించింది. తల్లి ఐదువందలు దాచి, "పరీక్షలకు మీ నాన్న వాచీయే కట్టుకుపో, బాగుచేయిస్తాను," అన్నది. కుర్రవాడికి తోటివాళ్ళ మాదిరి అంకెల వాచీ కావాలి. ఇద్దరూ నా గదికి వచ్చారు.

నేను ఆ వాచీ తెచ్చుకుని చెవి దగ్గర పెట్టి విన్నాను. జనతా గంటకు 18,000 సార్లు, అంటే సెకండుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. రోజుకు 4,32,000 దెబ్బలు! లోపల పదిహేడు కెంపులుంటాయి. అవి కృత్రిమంగా చేసినవే కనక విలువేమీ లేదు గాని, ఇరుసులు అరిగిపోకుండా కాపాడతాయి. నూనె ఎండిపోతే కెంపులుకూడా కాపాడలేవు. ఆ వాచీ దెబ్బ తడబడుతున్నది. అలాగే నడిపితే ఇరుసులు పాడవుతాయి. రిపేరు చేసే ఆయన వారం రోజులు కావాలన్నాడు, పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయి. "అమ్మా, చవకది ఒకటి కొనండి. దీనికి కీ ఇవ్వకుండా తడి తగలనిచోట దాచండి. వాడు సంపాదించాక బాగుచేయించుకుంటాడు," అన్నాను. ఆమెకు నా మాట నచ్చలేదు. ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయింది. కాని పరీక్షనాడు కుర్రవాడి చేతికి కొత్త వాచీ ఉన్నది.

అతను ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ కిందట పాతవాచీని విప్పించి, కడిగించి, నూనె వేయించాడు. రోజుకు అర నిమిషం ముందుకు పోతుందట. పండగలకే కట్టుకుంటాడు. మీ ఇంట్లోకూడా అటువంటిది ఉంటే, ముఖానికి కొత్తరంగు వేయించకండి. పాత వాచీలకు రంగులు పూసి కొత్తవని అమ్మేవారు చాలామంది ఉన్నారు. మీది ఆ గుంపులో కలవటం దేనికి?

కీ వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి. బిగిసి ఆగిందంటే చాలు, ఆపైన బలం పెట్టకూడదు. తేదీ చూపే వాచీ అయితే రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారుజాము మూడుదాకా తేదీ తిప్పవద్దు. ఆ వేళ లోపలి పళ్ళచక్రాలు తేదీని మార్చే పనిలో ఉంటాయి. మీరూ తిప్పితే పళ్ళు విరుగుతాయి. 30 మీటర్లని రాసి ఉంటే చెరువులోకి దూకమని కాదు, చెయ్యి కడుక్కునేటప్పుడు చిందే నీటికి తట్టుకుంటుందని. ఈతకు 100 మీటర్లది మంచిది. తోలుపట్టీని చెమటతో పెట్టెలో పెడితే కుళ్ళి వాసన వేస్తుంది. విప్పగానే పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరనివ్వండి.

వాచీ ఆగిపోతే "తరవాత చూద్దాం" అని సొరుగులో పడెయ్యకండి. లోపలి బాటరీ కారి యంత్రాన్ని తినేస్తుంది. దాన్ని తీయించి, రెండువైపులా టేపు అంటించి, పాత బాటరీలు తీసుకునేచోట ఇవ్వండి. ఇంట్లో పాకే పాపాయి ఉంటే మరీ జాగ్రత్త. అంకెల వాచీలలో ఉండే బిళ్ళబాటరీని మింగితే, గొంతులో అడ్డంపడి రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, వెంటనే పెద్దవాళ్ళతో చెప్పి ఆస్పత్రికి తీసుకుపోవాలి.