ఆడుకొను చోటు

1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారమును నిర్మించిరి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు అచటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. కర్మాగారముతోపాటు ఉద్యోగులకై ఒక పట్టణము వెలసినది. సెక్టారులు, వెడల్పైన బాటలు, చెట్లు, బడులు, ఆటస్థలములు ఒక పద్ధతిగా ఏర్పడినవి. పని వెదకికొనుచు ఆంధ్రదేశమునుండి వచ్చిన తెలుగు కుటుంబములును అచట స్థిరపడినవి.

సెక్టారులోని పిల్లలకు మైదానము దూరము కాదు. ఏడేండ్ల ఆడుపిల్ల అన్నతో సమానముగా అందు పరుగెత్తును. పదునాలుగేండ్లు వచ్చుసరికి "పెద్దదానివైతివి, ఇంక ఆటలేమి?" అని తల్లి మందలించును. అన్న మైదానములోనే యుండును. చెల్లెలు ట్యూషనుకు పోవును, లేదా వాకిట నిలిచి చూచును. నేల ఉన్నను ఆమెకు అది అందదు.

సెక్టారులు దాటిన బస్తీలలో కథ వేరు. క్యాంపు అను పేరు నేటికిని మోయుచున్న పేటలు ఆ తొలినాళ్ల కూలీల బసలను గుర్తుచేయును. ఇరుకు సందులలో ఇండ్లు ఒరసికొని యుండును. అందలి బాలిక సోమరి కాదు. నీళ్లు మోయును, తమ్ముని చంకనెత్తుకొనును, బడికి నడచును. ఆమె ఒంటికి శ్రమ కలదు గాని ఆట లేదు. ఇంటివారి కొరకు పడు శ్రమను, తన సంతోషము కొరకు ఆడు ఆటను ఒకే గాట కట్టరాదు.

2016 నాటికి 146 దేశముల వివరములు కూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఒక లెక్క తేల్చిరి. 11 మొదలు 17 ఏండ్లలోపు బాలికలలో నూటికి 85 మందికి, బాలురలో 78 మందికి దినమునకు గంటసేపైనను తగిన వ్యాయామము లేదట. ఈ లోపమును పిల్లల ఆసక్తికి అంటగట్టుట సులభము.

భిలాయి అనుభవము అందుకు సమ్మతింపదు. 2018లో మరణించిన రాజేష్ పటేల్ అను శిక్షకుడు ఈ పట్టణమున బాలికలకు ఏండ్ల తరబడి బాస్కెట్‌బాల్ నేర్పెను. ఆయన శిష్యురాండ్రు కొందరు భారత జట్టులో ఆడిరి. ఆసక్తి వారితోనే పుట్టినది కాదు. బంతి, చోటు, నియమిత వేళ, తోడివారు, పిలిచి నేర్పు గురువు దొరకినపుడు అది మొలచినది.

కావున ఆడుపిల్ల ఏల ఆడదని అడుగుటకు ముందు, ఆమె వీధిలో దీపము వెలుగుచున్నదా, ఇంటిపనిలో అన్నకు వంతు కలదా అని అడుగవలెను. వెలుగున్న వీధిలో తల్లి ఇంకొక గడియసేపు బిడ్డను లోనికి పిలువక యుండును. ఆ గడియయే ఆ పిల్ల ఆట.