ఖాతా నంబరు ఇస్తేనే తగ్గింపు

మా ఇంటి ఫోన్ బిల్లు ఐదు లైన్ల మీద వస్తుంది. నాది, మావారిది, హైస్కూల్లో ఉన్న మా అమ్మాయిది, కెనసాలో ఎం.ఎస్. చదువుతున్న మా పిన్ని కొడుకుది, ఖమ్మం నుంచి ఆరు నెలలకని వచ్చిన మా అత్తయ్యది. జార్జియాలోని కమ్మింగ్‌లో తెలుగువాళ్ళ ఫ్యామిలీ ప్లాన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. లైన్లు పెరిగేకొద్దీ ఒక్కో లైను ధర తగ్గుతుంది కాబట్టి, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు చుట్టరికం లేకపోయినా ఒకరి పేరు మీద చేరిపోయి, నెలనెలా ఎవరి వాటా వాళ్ళు జెల్‌లో పంపించేస్తారు. మాట్లాడేది అందరూ, పూచీ మాత్రం ఒక్కరిది.

ఆ పూచీ పడినవాళ్ళ ముందు ఫోన్ కంపెనీలు ఒక షరతు పెట్టాయి. ఆటోపే పెట్టుకున్నందుకు ఇచ్చే తగ్గింపు పూర్తిగా కావాలంటే క్రెడిట్ కార్డు పనికిరాదు, బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వాలి, లేదా డెబిట్ కార్డు ఇవ్వాలి. టీ-మొబైల్ 2023లో ఈ దారి పట్టింది. లైనుకు 5 డాలర్ల చొప్పున ఎనిమిది లైన్ల దాకా ఇచ్చే తగ్గింపు నుంచి క్రెడిట్ కార్డులనూ యాపిల్ పే, గూగుల్ పేలనూ తప్పించింది. వెరైజన్ తన అన్‌లిమిటెడ్ ప్లాన్ల మీద లైనుకు 10 డాలర్లు తగ్గిస్తుంది, అదీ బ్యాంకు ఖాతాకో, డెబిట్ కార్డుకో, తన పేరు మీద వచ్చే వీసా కార్డుకో మాత్రమే. ఏటీ అండ్ టీ బ్యాంకు ఖాతాకు ఒక రేటు, క్రెడిట్ కార్డుకు అంతకంటే తక్కువ రేటు పెట్టింది. దేశంలో పెద్ద కంపెనీలే మూడు. మూడూ ఒకే పద్ధతికి వచ్చాక, వేరే కంపెనీకి మారిపోతానని బెదిరించే వీలు కూడా ఖాతాదారుకు మిగల్లేదు.

మా బిల్లు తగ్గింపు లేకుండా సుమారు 250 డాలర్లు, తగ్గింపుతో 200. అంటే నెలకు 50 తేడా, ఏడాదికి 600. క్రెడిట్ కార్డు వాడితే నాకు తిరిగొచ్చే రెండు శాతం క్యాష్‌బ్యాక్ నెలకు 5 డాలర్లు. ఆ 5 డాలర్ల కోసం ఎవరూ 50 వదులుకోరు, ఆ సంగతి కంపెనీకీ తెలుసు. అందుకే క్యాష్‌బ్యాక్ పోయిందని జనం గొడవ పెడుతున్నారని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది. ఇక్కడ పోతున్నది అంతకంటే పెద్దది.

ముందు కంపెనీ వైపు లెక్క చూద్దాం. క్రెడిట్ కార్డుతో కడితే, కార్డు ఇచ్చిన బ్యాంకుకూ నెట్‌వర్కుకూ కంపెనీ సుమారు రెండు శాతం సమర్పించుకోవాలి. 250 డాలర్ల బిల్లు మీద అది సుమారు 5 డాలర్లు. డెబిట్ కార్డుకైతే 2010 నాటి డర్బిన్ సవరణ ప్రకారం ఫెడరల్ రిజర్వ్ గీత గీసింది. పెద్ద బ్యాంకులు ఒక్కో చెల్లింపుకు 21 సెంట్లు, దాని మీద 0.05 శాతం, మోసాల నివారణకని ఇంకో సెంటు, అంతకుమించి తీసుకోకూడదు. అదే బిల్లు మీద ఇది 35 సెంట్లు కూడా కాదు. ఖాతా నుంచి నేరుగా వెళ్ళే ఏసీహెచ్ అయితే ఇంకా చవక. కాబట్టి నేను క్రెడిట్ కార్డు వాడినందుకు కంపెనీకి పడే అదనపు భారం ఐదు డాలర్ల లోపు. నా మీద పడుతున్నది యాభై. ఆటోపే ఉంటే బిల్లులు సమయానికి వస్తాయి, వసూలు ఖర్చు తగ్గుతుంది అంటారు. నిజమే, కానీ ఆ లాభం క్రెడిట్ కార్డు ఆటోపేతోనూ వాళ్ళకు వస్తుంది.

ఈ లెక్కలు ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. అమెరికాలో కార్డు చెల్లింపుల్లో చాలా పెద్ద భాగం జార్జియా కంపెనీల మీదుగానే నడుస్తుంది కాబట్టి అట్లాంటా ప్రాంతాన్ని ఆ రంగంలో ‘ట్రాన్సాక్షన్ ఆలీ’ అంటారు. కమ్మింగ్ నుంచి జీఏ 400 ఎక్కి ఆల్ఫరెటా వైపు ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళలో ఆ సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువాళ్ళు ఉన్నారు. ఏ చెల్లింపుకు ఎన్ని సెంట్లు ఎవరికి వెళతాయో వాళ్ళకు కంఠతా వచ్చు. తమ ఇంటి ఫోన్ బిల్లు దగ్గర మాత్రం వాళ్ళూ మాలాగే ఖాతా నంబరు ఇచ్చి ఊరుకున్నారు.

ఇక మనం వదులుకుంటున్నదేమిటో చెప్పాలి. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం క్రెడిట్ కార్డు బిల్లులో తప్పుంటే 60 రోజుల్లోగా రాసి పంపి అభ్యంతరం చెప్పవచ్చు. విచారణ తేలేదాకా ఆ మొత్తం కట్టనక్కర్లేదు. చెప్పిన సేవ అందకపోయినా ఆ అభ్యంతరం చెల్లుతుంది. ఎవరైనా కార్డును దొంగతనంగా వాడితే మన మీద పడేది చట్టప్రకారం 50 డాలర్లకు మించదు. బ్యాంకు ఖాతాకూ డెబిట్ కార్డుకూ వేరే చట్టం, 1978 నాటి ఎలక్ట్రానిక్ ఫండ్ ట్రాన్స్‌ఫర్ చట్టం. డెబిట్ కార్డు పోతే రెండు పనిదినాల్లో చెప్పినవాళ్ళకు 50 డాలర్ల పరిమితి, ఆలస్యమైతే 500. స్టేట్‌మెంటు వచ్చిన 60 రోజులకు కూడా చూసుకోకపోతే ఆ తర్వాత పోయేదానికి పరిమితే లేదు. దొంగలెత్తుకుపోయిన డబ్బు సంగతి ఇది. సేవ సరిగా అందలేదనే తగాదాకు ఈ రెండో చట్టంలో చోటు లేదు. అన్నిటికంటే ముఖ్యం, తగాదా మొదలయ్యేసరికి డబ్బు ఎవరి దగ్గర ఉందన్నది. క్రెడిట్ కార్డు మీద అది ఇంకా మన దగ్గరే ఉంటుంది. ఖాతా నుంచి పోయాక, మనమే వెంటపడి తెచ్చుకోవాలి.

మాకు తెలిసిన ఒకావిడ సంక్రాంతికి పిల్లలతో విజయవాడ వెళ్ళొచ్చింది. రోమింగ్ ఆపేయమని బయల్దేరే ముందే చెప్పింది. అయినా నాలుగు లైన్ల మీద రోజువారీ చార్జీ పడుతూనే ఉంది. తిరిగొచ్చాక బిల్లు చూసుకునేలోపే చెకింగ్ అకౌంట్ నుంచి మొత్తం వెళ్ళిపోయింది. అదే వారం ఇంటి లోను వాయిదా కూడా ఉంది. కంపెనీ చివరికి తప్పు ఒప్పుకుని, ఆ మొత్తాన్ని రాబోయే బిల్లుల్లో సర్దుబాటు చేస్తామంది. ఆమెకు కావలసింది ఖాతాలో డబ్బు.

హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రోజుల్లో ఏ డాలరు ఎప్పుడు బయటికి వెళ్ళాలో మన చేతిలో ఉండటం ఎంత అవసరమో, ఆ గండం దాటిన ఇళ్ళను అడగండి. క్రెడిట్ కార్డు బిల్లు పంపాక కట్టడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలని 2009 చట్టం చెబుతోంది. ఫోన్ బిల్లును ఆ కార్డు మీద ఉంచుకోగలిగితే ఆ వెసులుబాటు ఫోన్ బిల్లుకూ అందేది.

కెనసాలో చదువుతున్న మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి, “అక్కా, క్రెడిట్ హిస్టరీ కోసం కార్డు తీసుకున్నాను. నా వాటా నీకు పంపడం ఎందుకు, బిల్లు దాని మీదే పెట్టేయనా?” అన్నాడు. కొత్తగా దిగిన విద్యార్థికి పెద్దవాళ్ళం అందరం చెప్పే సలహా అదే. చిన్న లిమిట్ ఉన్న కార్డు తీసుకో, నెలనెలా తప్పకుండా వచ్చే ఫోన్ బిల్లు దాని మీద పెట్టు, పూర్తిగా కట్టేయి, ఏడాది తిరిగేసరికి స్కోరు లేస్తుంది. పైగా కొన్ని కార్డులు, బిల్లు తమ మీద కడితే, ఫోన్ పగిలినప్పుడో ఎవరైనా దొంగిలించినప్పుడో కొంత పరిహారం కూడా ఇస్తాయి. ఇప్పుడు ఆ సలహాకు నెలకు 50 డాలర్ల వెల పడింది. వాణ్ణి వద్దనాల్సి వచ్చింది.

ఫౌలర్ పార్కులో సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్ళతో కలిసి తిరిగొచ్చాక, మా అత్తయ్య ఈ మాటలన్నీ విని, “వాళ్ళంతట వాళ్ళే తీసేసుకుంటారా? మనల్ని అడగరా?” అంది. ఆవిడ ప్రశ్న న్యాయమైనది. 2021 అక్టోబరు 1 నుంచి ఇండియాలో మన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు మీదో యూపీఐ మీదో ఆటోపే ఉంటే, డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు కబురు రావాలి. వద్దనుకుంటే అప్పుడే ఆపుకోవచ్చు. ఒక పరిమితి దాటిన మొత్తానికి మళ్ళీ ఓటీపీ కావాలి. ఆ పరిమితి అప్పట్లో 5,000 రూపాయలు, 2022లో 15,000 చేశారు. ఇక్కడ ఫోన్ బిల్లు ఈమెయిల్లో వస్తే అదే కబురు. మొత్తం రెట్టింపైనా మళ్ళీ మన అనుమతి అడిగే పని లేదు. ఆపాలంటే మూడు పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పాలి.

ఖాతా నంబరు అడుగుతున్న ఈ కంపెనీల చరిత్ర కూడా చూడాలి. 2021లో టీ-మొబైల్ నుంచి ఏడున్నర కోట్ల మందికి పైగా వివరాలు బయటికి పోయాయి. అందులో సోషల్ సెక్యూరిటీ నంబర్లూ ఉన్నాయి. దావాలు తెగడానికి 35 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది. 2024 మార్చిలో ఏటీ అండ్ టీ పాత, కొత్త ఖాతాదారులు 7 కోట్ల 30 లక్షల మంది సమాచారం బయటపడిందని చెప్పింది. బ్యాంకు నంబర్లు పోయాయని నేననడం లేదు. ఇంత జరిగాక, ఇంటి జీతం పడే ఖాతా నంబరు కూడా ఇమ్మని అడగడానికి తగిన నమ్మకం వాళ్ళు ఇంకా సంపాదించుకోలేదు అంటున్నాను.

ప్రస్తుతానికి మా ఇంట్లో చేసుకున్న ఏర్పాటు ఇది. జీతం పడే ఖాతాతో సంబంధం లేకుండా వేరే చెకింగ్ అకౌంట్ తెరిచి, ఓవర్‌డ్రాఫ్ట్ ఆపించి, నెలకు బిల్లుకు సరిపడా మాత్రమే అందులో వేస్తున్నాం. కొందరు ఆటోపేను ఖాతా మీదే ఉంచి, గడువుకు కొన్ని రోజుల ముందే క్రెడిట్ కార్డుతో బిల్లు కట్టేస్తారు. ఆటోపే తేదీ వచ్చేసరికి బాకీ సున్నా, తగ్గింపు నిలుస్తుంది. కంపెనీ నిబంధన మార్చేదాకా అది నడుస్తుంది. ఇవన్నీ తీరిక, తెలివిడి ఉన్న ఇళ్ళకు. మొన్న దిగిన కుర్రాడికి షాపులో ఇవి ఎవరు చెబుతారు?

జార్జియా ప్రభుత్వం సెల్‌ఫోన్ ధరల జోలికి పోవడానికి వీల్లేదు. 1993 నుంచి ఆ అధికారాన్ని కాంగ్రెస్ రాష్ట్రాలకు లేకుండా చేసింది. మిగిలింది ఫోన్ కంపెనీల మీద ఫెడరల్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు. ఎఫ్‌సీసీ దాన్ని కంపెనీకి పంపితే, కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ వారం నేను పంపిన దాంట్లో రెండే అడిగాను. క్రెడిట్ కార్డు వల్ల నిజంగా పడే ఖర్చు ఎంతో అంతవరకే తేడా పెట్టండి. ఖాతా నంబరు తీసుకునే చోటే, ఏ చట్టం రక్షణ పోయి ఏది వస్తుందో పెద్ద అక్షరాలతో రాయండి. ఈ తగ్గింపు కోసం ఖాతా నంబరు ఇచ్చిన మన ఇళ్ళవాళ్ళు కూడా పంపితే, నాది ఒంటరి కాగితం కాకుండా ఉంటుంది.